రెండో మంగళవారం రాత్రి

మాఘమాసం వచ్చిందంటే నరసాపురంలో శుభలేఖలు వేసే డీటీపీ షాపుల్లో కూర్చోడానికి చోటు దొరకదు. నాకు బాగా తెలిసిన ఒక షాపులో కంప్యూటర్ తెర మూల ‘రీస్టార్ట్ చేసి అప్‌డేట్ పూర్తి చేయండి’ అన్న మాట చాలా నెలలు అలాగే ఉండిపోయింది. అది కనపడ్డప్పుడల్లా ఆపరేటర్ ‘తర్వాత’ అన్న చోట నొక్కేసేవాడు. ఎందుకని అడిగితే, “ఆమధ్య నొక్కితే రెండ్రోజులు ప్రింటర్ పలకలేదండి. పెళ్లివారొచ్చి గుమ్మంలో కూర్చున్నారండి” అన్నాడు.

ఆ భయం ఉత్తది కాదు. 2021 మార్చిలో విండోస్ 10కి వచ్చిన నెలవారీ అప్‌డేట్ వేసుకున్నాక, కొన్ని రకాల ప్రింటర్లకు ప్రింట్ ఇవ్వగానే తెర నీలంగా మారి సిస్టం ఆగిపోయేది. దిద్దుబాటు కొద్ది రోజుల్లో వచ్చింది కానీ, ఆ కొద్ది రోజులూ ముహూర్తాలు ఆగవు కదా. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన తప్పు ఫైలు ఒక్కటి దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలను కూలదోసింది. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు.

ఇదంతా తెలిసి కూడా, అప్‌డేట్‌ను నెలల తరబడి వాయిదా వేయొద్దనే నేను చెబుతాను. కారణం మన డెల్టా మనుషులకు త్వరగానే బోధపడుతుంది. గోదావరి గట్టులో ఎండ్రకాయ బొరియ చేసిందనుకోండి. వేసవిలో దానివల్ల నష్టమేమీ కనపడదు. వరద వచ్చినప్పుడు అందులోంచి నీరు ఊరి, మట్టి కొట్టుకుపోయి, చివరికి అది గండి అవుతుంది. కోట్ల వరుసల కోడ్‌తో కట్టిన విండోస్‌లోనూ అలాంటి బొరియలుంటాయి. ఒకటి బయటపడినప్పుడల్లా పూడ్చడానికి పంపే మట్టితట్టే భద్రతా అప్‌డేట్.

గట్టుకూ కంప్యూటర్‌కూ ఒక్కచోట పోలిక చెడుతుంది. ప్రాణం మీదకొచ్చేది అక్కడే. గట్టు మీద మట్టి ఎక్కడ వేశారన్నది వరదకు తెలియదు. అప్‌డేట్ విడుదలైన రోజున మాత్రం, పాత ఫైలునీ కొత్త ఫైలునీ పక్కపక్కన పెట్టి ఏది మారిందో వెతికేవాళ్లు లోకమంతా ఉంటారు. మారిన చోటే బొరియ. అంటే పూడ్చే మట్టి వచ్చిన రోజునే, పూడ్చుకోని ఇళ్ల చిరునామా దొంగల చేతికి అందినట్టు. ‘ఇన్నాళ్లూ ఏమీ కాలేదుగా’ అన్న మాట ఆ రోజు నుంచి చెల్లదు.

2017లో జరిగింది అదే. విండోస్‌లో ఒక బొరియను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14న విడుదల చేసింది. ఏప్రిల్‌లో ఆ బొరియలో దూరే పనిముట్టు బయటికి పొక్కింది. మే 12న వానాక్రై విరుచుకుపడి, ఫైళ్లకు తాళం వేసి, డబ్బు కడితేనే తెరుస్తామంది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. మందు వచ్చి అప్పటికి రెండు నెలలైంది.

మన అక్షరాల కోసం వచ్చిన అప్‌డేట్ కూడా ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో, మన ‘జ్ఞా’ మధ్యలో కంటికి కనపడని సంకేతం ఒకటి చేరిన రూపం తెర మీదకొస్తే చాలు, ఐఫోన్లలోనూ ఆపిల్ కంప్యూటర్లలోనూ ఆ ప్రోగ్రాం కుప్పకూలేది. జ్ఞానానికి మొదటి అక్షరమది! కొద్ది రోజుల్లోనే అప్‌డేట్ పంపి సరిచేశారు.

మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం భద్రతా అప్‌డేట్లు విడుదల చేస్తుంది. మనకు అప్పటికి రాత్రి పదిన్నరో, పదకొండున్నరో అవుతుంది. షాపు నడిపేవాళ్లు అదే క్షణంలో వేసుకోనక్కర్లేదు. అప్‌డేట్ సెట్టింగుల్లో వారం పాటు ఆపుకొనే వీలుంది. ప్రింటర్లను మొరాయించేలా చేసే తప్పేమైనా ఉంటే ఆ వారంలోనే చాలావరకు బయటపడుతుంది. తర్వాత ఒక రాత్రి షట్టర్ దించేముందు ఫైళ్లు, ఫాంట్లు వేరే డిస్కులోకి కాపీ చేసుకుని, యూపీఎస్ నిండా చార్జింగ్ ఉందో లేదో చూసుకుని రీస్టార్ట్ చేయాలి. మధ్యలో కరెంటు పోతే విండోస్ చాలాసార్లు తనే వెనక్కి, పాత స్థితికి వెళ్లిపోతుంది. అన్నిసార్లూ వెళ్తుందని మాత్రం నమ్మకం పెట్టుకోకూడదు.

ఫాంట్లను ప్రత్యేకంగా చెప్పడానికి కారణముంది. డీటీపీలో విరివిగా వాడే అను ఫాంట్ల వంటివి యూనికోడ్ పద్ధతివి కావు. ఫైలులో దాగి ఉండేది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే, వాటికి తెలుగు రూపం తొడిగేది ఫాంటు. ఫాంటు పోయిందా, ‘చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి’ కాస్తా అర్థంకాని గీతలైపోతుంది.

ఇక కంప్యూటర్‌ను శుభ్రం చేస్తామనే యుటిలిటీల సంగతి. కంప్యూటర్ నెమ్మదించిందని నేనూ ఒకసారి ఉచిత క్లీనర్ దించుకున్నాను. అది వందల ‘తప్పులు’ చూపించింది. రిజిస్ట్రీ శుభ్రం చేయమంటే చేయనిచ్చాను. మర్నాడు పేజీలు కట్టే ప్రోగ్రాం తెరుచుకోలేదు. రిజిస్ట్రీ అంటే విండోస్ రాసుకునే చిట్టా. లక్షల పద్దులున్న ఆ పుస్తకంలో నాలుగొందల పాత పద్దులు కొట్టేసినంత మాత్రాన లెక్క వేగంగా సాగదు. కొట్టేసినవాటిలో కావలసింది ఒకటున్నా పని ఆగిపోతుంది. దానికి మించిన ప్రమాదమూ ఉంది. 2017లో సీక్లీనర్ అనే పేరున్న ప్రోగ్రాం అసలు కాపీలోకే దొంగలు హానికర కోడ్ చొప్పించారు. దాదాపు 22 లక్షల 70 వేల మంది దాన్ని నమ్మకంగా దించుకున్నారు.

అందుకే బయటి యుటిలిటీలు ఎంత తక్కువుంటే అంత మంచిది. చెత్త ఫైళ్లు తీసే పనిముట్టు విండోస్‌లోనే ఉంది. విండోస్ 8 నుంచి యాంటీవైరస్ కూడా దానితోనే వస్తోంది. నెమ్మదికి అసలు మందు పాత హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ పెట్టడం. నా కంప్యూటర్ దానితోనే కోలుకుంది.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. నమోదు చేసుకున్న వ్యక్తిగత వాడకందార్లకు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. పాత ప్రాసెసర్లున్న చాలా సిస్టంలు విండోస్ 11కి పనికిరావు. నేను మొదట చెప్పిన డీటీపీ షాపు సిస్టమూ అలాంటిదే. దాన్ని పారేయలేదు. ఇంటర్నెట్ తీగ పీకేసి, పాత ఫాంట్లతో పేజీలు కట్టడానికీ ప్రింట్లకూ ఉంచుకున్నారు. మెయిళ్లు, వాట్సాప్, చెల్లింపులు కొత్త సిస్టంలో. ఇక మిగిలిన దారి పెన్‌డ్రైవ్. పెళ్లివారు ఫొటోలు తెచ్చినప్పుడు ఆపరేటర్ ముందు కొత్త సిస్టంలో స్కాన్ చేసి, ఆ తర్వాతే పాతదానికి పెడుతున్నాడు. ఒక్కో శుభలేఖకు అయిదు నిమిషాలు ఎక్కువ పడుతోంది.