సొంత కంప్యూటర్‌లో కంటైనర్ క్లస్టర్: దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ అభ్యాసకుల నేపథ్యంలో ఒక పరిశీలన

సారాంశం

కుబెర్నెటీస్ క్లస్టర్‌ను అభ్యాసకుడు తన సొంత కంప్యూటర్‌లో నడిపినప్పుడు ఏది నిజంగా అనుభవంలోకి వస్తుందో, ఏది భ్రమగా మిగులుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది. తూర్పు హైదరాబాదులోని హాస్టల్ గదులను, అక్కడ ఉండే పరిమిత వనరులను ఇందుకు నేపథ్యంగా గ్రహించడమైనది.

కీలక పదాలు: కంటైనర్, క్లస్టర్, కుబెర్నెటీస్, నోడ్, పాడ్, ఇమేజ్.

1. ప్రవేశిక

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ సంస్థలు ఎక్కువగా పడమటి వైపున మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో ఉన్నాయి. ఆ ఉద్యోగాలకు సిద్ధమయ్యేవారు ఎందరో తూర్పున, దిల్‌సుఖ్‌నగర్ నుంచి చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి.నగర్ వరకు ఉన్న హాస్టళ్లలో, అద్దె గదులలో నివసిస్తున్నారు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట – ఎల్.బి.నగర్ మెట్రో మార్గం ప్రారంభమైన తరువాత అమీర్‌పేటలోని శిక్షణ సంస్థలకు వెళ్లిరావడం తేలికైంది. అయినా తరగతిలో చూసినదాన్ని స్వయంగా చేసి చూడవలసింది గదికి తిరిగివచ్చిన తరువాతే.

క్లస్టర్‌ను క్లౌడ్‌లో అద్దెకు తీసుకోవచ్చు. కాని అమెజాన్ ఈకేఎస్ సేవలో ఒక్కో క్లస్టర్ నియంత్రణ విభాగానికే గంటకు 10 సెంట్ల రుసుము ఉంటుంది. దాని కింద పనిచేసే యంత్రాల అద్దె వేరు. అభ్యాసం ముగించి క్లస్టర్‌ను తొలగించడం మరచిపోతే 30 రోజులకు ఆ ఒక్క పద్దు కిందే 72 డాలర్లు చెల్లించవలసి వస్తుంది. ఇంకా సంపాదన మొదలుకాని విద్యార్థికి ఇది హాస్టల్ అద్దెతో పోల్చుకోవలసిన మొత్తం. అందువల్ల సొంత ల్యాప్‌టాప్‌లో నడిచే క్లస్టర్ అతనికి సౌకర్యం కాదు, అవసరం.

2. క్లస్టర్ చేసే పని

కంటైనర్ అంటే చిన్న కంప్యూటర్ అన్న వివరణ తరగతులలో తరచు వినిపిస్తుంది. వినడానికి అనువైనదే గాని సరైనది కాదు. కంటైనర్ లినక్స్ కెర్నల్ మీద నడిచే మామూలు ప్రక్రియ. దానికి ఏమేమి కనిపించాలో నేమ్‌స్పేస్‌లు, అది ఎంత ప్రాసెసర్‌ను, ఎంత మెమరీని వాడుకోవచ్చో సీగ్రూప్‌లు నిర్ణయిస్తాయి. ఈ పాత సదుపాయాలను 2013లో వచ్చిన డాకర్ అందరి చేతికీ అందించింది. కంటైనర్లు వందల సంఖ్యకు పెరిగినప్పుడు ఏది ఏ యంత్రం మీద నడవాలో, ఆగినదాన్ని ఎవరు తిరిగి లేపాలో చూసుకునేందుకు గూగుల్ 2014లో కుబెర్నెటీస్‌ను ప్రకటించింది. గ్రీకు భాషలో ఆ మాటకు చుక్కాని పట్టేవాడు అని అర్థం.

కుబెర్నెటీస్‌కు వరుసగా ఆజ్ఞలు ఇవ్వనక్కరలేదు, కావలసిన స్థితిని ప్రకటిస్తే చాలు. మెస్‌లో సాంబారు గిన్నె నిండుగా ఉండాలన్నది నియమం. ఎప్పుడు ఎన్ని గరిటెలు పోయాలన్నది వడ్డించేవాడు గిన్నె చూసి తేల్చుకుంటాడు. అదే రీతిలో మూడు పాడ్‌లు ఉండాలని రాస్తే, ఉన్నవాటిని నియంత్రకం నిరంతరం లెక్కిస్తూ, తక్కువైనవాటిని తిరిగి సృష్టిస్తుంది. ఒక పాడ్‌ను తొలగించి చూస్తే క్షణాలలో మరొకటి ప్రత్యక్షమవుతుంది. ఈ తర్కం ల్యాప్‌టాప్‌లోనూ డేటా కేంద్రంలోనూ ఒక్కటే. స్థానిక క్లస్టర్ నిక్కచ్చిగా నేర్పేది ఇదే.

3. మెమరీ లెక్క

8 గిగాబైట్ల ర్యామ్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌ను తీసుకుందాం. కంటైనర్లకు లినక్స్ కెర్నల్ కావాలి గనుక విండోస్‌లో డబ్ల్యూఎస్ఎల్ 2 ఒక మారుయంత్రాన్ని నడుపుతుంది. ప్రత్యేకంగా మార్చకపోతే అది మొత్తం మెమరీలో సగం వరకు, అంటే 4 గిగాబైట్ల వరకు తీసుకోగలదు. మిగిలిన సగంలో విండోస్, బ్రౌజర్, ఎడిటర్ సర్దుకోవాలి. మినీక్యూబ్ తనకు కనీసం 2 ప్రాసెసర్లు, 2 గిగాబైట్ల ఖాళీ మెమరీ, 20 గిగాబైట్ల డిస్కు కావాలంటుంది. ఇది క్లస్టర్‌కు మాత్రమే సరిపోయే లెక్క. అందులో నడిపే డేటాబేసు, జావా అనువర్తనం దీనికి అదనం.

ఇలాంటి యంత్రానికి 2019లో రాంచర్ సంస్థ విడుదల చేసిన కే3ఎస్ మేలు. అది ఒకే ఫైలుగా వస్తుంది. ఒకే సర్వరు ఉన్నప్పుడు బరువైన ఎట్‌సీడీకి బదులు ఎస్‌క్యూలైట్‌ను వాడుతుంది. అనేక నోడ్‌లు చూడాలనుకునేవారికి కైండ్ అనుకూలం. మొదట కుబెర్నెటీస్‌నే పరీక్షించేందుకు రూపొందిన ఈ సాధనం ఒక్కో డాకర్ కంటైనర్‌ను ఒక్కో నోడ్‌గా నిలబెడుతుంది.

4. నోడ్ పడిపోయినప్పుడు

అభ్యాసకులు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. కైండ్‌లో మూడు నోడ్‌లు పెట్టి, పాడ్‌లు నడుస్తున్న ఒక నోడ్‌ను డాకర్ స్టాప్ ఆదేశంతో ఆపితే ఒక నిమిషం లోపు, లేదా కాస్త అటూ ఇటూగా, ఆ నోడ్ సిద్ధంగా లేదని కనిపిస్తుంది. పాడ్‌లు మాత్రం మరో నోడ్‌కు మారవు. ఏదో తప్పు జరిగిందనుకొని క్లస్టర్‌నే తుడిచివేసేవారున్నారు. నిజానికి తప్పేమీ లేదు. జవాబివ్వని నోడ్‌ను పాడ్‌లు సహించే గడువు మామూలుగా 300 సెకన్లు. ఆ ఐదు నిమిషాలు గడిచాకే కొత్త పాడ్‌లు వేరే నోడ్ మీద పుడతాయి. పాతవి నిష్క్రమిస్తున్న స్థితిలో జాబితాలో మిగిలిపోతాయి. ఎదుటి యంత్రం నిజంగా చనిపోయిందా, తీగ మాత్రమే తెగిందా అన్నది నియంత్రకానికి తెలియదు. ఆ సందేహానికి ఇచ్చిన వ్యవధే ఇది.

అయితే ఈ మూడు నోడ్‌లకు కెర్నల్ ఒక్కటే, డిస్కు ఒక్కటే, బ్యాటరీ ఒక్కటే. ల్యాప్‌టాప్ మూత మూస్తే మూడూ ఒకేసారి నిద్రపోతాయి. మూడు ఎట్‌సీడీ సభ్యులలో ఒకటి పోయినా మిగతా రెండు ఆధిక్యంతో నడుస్తాయన్న సూత్రాన్ని ఇక్కడ చూపవచ్చు గాని డిస్కు పాడైతే ఆ సూత్రం ఎవరినీ కాపాడదు. స్థానిక క్లస్టర్‌లో నిలిచింది కాబట్టి అనువర్తనం ఎక్కడైనా వైఫల్యాలను తట్టుకుంటుందని పరిశోధన పత్రాలలో రాయడం అందుకే సరికాదు.

5. ఇమేజ్‌లు, ఉమ్మడి ఇంటర్నెట్

డాకర్ హబ్ 2020 నవంబరు నుంచి దిగుమతులకు పరిమితి విధించింది. లాగిన్ కానివారికి ఒక ఐపీ చిరునామా నుంచి ఆరు గంటలకు 100 మాత్రమే అనుమతించింది. హాస్టల్ అంతటికీ ఒకే కనెక్షన్ ఉంటే బయటి ప్రపంచానికి అందరూ ఒకే చిరునామాగా కనిపిస్తారు. పైగా కైండ్‌లో ప్రతి నోడ్‌కూ తన సొంత ఇమేజ్ నిల్వ ఉంటుంది. మూడు నోడ్‌లూ ఒకే ఇమేజ్‌ను కోరితే మూడు దిగుమతులు. పక్కగదివారి అభ్యాసం వల్ల తన పాడ్ ఇమేజ్ దొరకక నిలిచిపోవడం ఈ విధంగా సంభవిస్తుంది.

దీనికి మొదటి మార్గం ఉచిత ఖాతాతో లాగిన్ కావడం. రెండవది, ఒకరు దిగుమతి చేసి డాకర్ సేవ్ ద్వారా ఫైలుగా మార్చి పెన్‌డ్రైవ్‌లో పంచడం. తీసుకున్నవారు డాకర్ లోడ్‌తో తమ యంత్రంలోకి, ఆపై కైండ్ లోడ్ ఆదేశంతో నోడ్‌లలోకి చేర్చుకుంటారు. అప్పుడు ఇమేజ్‌కు 'లేటెస్ట్' అన్న గుర్తు ఉండరాదు. ఉంటే, వేరుగా చెప్పనంతవరకు కుబెర్నెటీస్ చేతిలో ఉన్నదాన్ని విడిచి ప్రతిసారీ రిజిస్ట్రీనే అడుగుతుంది. 1.0 వంటి నిర్దిష్టమైన గుర్తు పెడితే నోడ్‌లో ఉన్నదే వాడుతుంది. ఇచ్చేవారిది ఆపిల్ ఎం శ్రేణి ప్రాసెసర్, తీసుకునేవారిది ఇంటెల్ అయితే ప్రాసెసర్ రకాన్ని పేర్కొని ఇమేజ్‌ను దిగుమతి చేసుకోవాలి. లేకుంటే పెన్‌డ్రైవ్ చేరినా కంటైనర్ లేవదు.