వరుసలో నిలిచిన ఆజ్ఞలు

కంప్యూటరులో ఒక ఉత్తరము వ్రాసి, భద్రపరుపుమని మీట నొక్కగానే అది భద్రమైనదని మనము తలచుదుము. నిజమునకు ఆ అక్షరములు కొంతసేపు మెమొరీలో నిలిచి, పిమ్మట ఒక ఆజ్ఞగా మారి వరుసలో చేరును. ఆ ఆజ్ఞ నెరవేరి, నెరవేరినదను కబురు తిరిగి వచ్చువరకు వాటికి పూర్తి రక్షణ లేదు. ఈ వరుసను కనిపెట్టియుండునది డ్రైవరు. ఇచ్చట డ్రైవరనగా బండి నడుపు మనిషి కాదు. ఆపరేటింగ్ సిస్టమునకును, నిలువ యంత్రమునకును నడుమ దుబాసిగా మెలగు ఒక ప్రోగ్రాము.

అసలు వరుస ఎందుకు? హార్డ్ డిస్కులోని పళ్ళెము సాధారణముగా నిమిషమునకు 7,200 మార్లు తిరుగును. ఒక్క చుట్టునకు సుమారు 8.3 మిల్లీసెకనులు పట్టును. మనకది రెప్పపాటు కంటె తక్కువ. ప్రాసెసరు ఆలోపల కోట్లకొలది చిన్న లెక్కలు ముగింపగలదు. కావున ఆజ్ఞలు వేగముగా వచ్చును, పని నెమ్మదిగా సాగును. తపాలా బంట్రోతు ఉత్తరములను వచ్చిన క్రమమున పంచినచో ఒకే వీథికి పదిమార్లు పోవలసివచ్చును. వీథుల వారీగా పేర్చుకొన్నచో ఒక్క మారు చాలును. డిస్కు ఆజ్ఞలను కూడ అట్లే స్థానమును బట్టి పేర్చుదురు. ఒక దిక్కుగా పోవుచు దారిలోని పనులన్నియు తీర్చుకొను ఈ పద్ధతికి లిఫ్టు పేరే పెట్టిరి.

తరువాత డిస్కులే ఈ పేర్పును నేర్చినవి. సాటా డిస్కులు ఎన్.సి.క్యూ. అను ఏర్పాటుచే ఒకేసారి 32 ఆజ్ఞలను స్వీకరించి, తమకు అనువైన క్రమమున నెరవేర్చగలవు. అప్పుడు వచ్చిన జవాబు ఏ ఆజ్ఞకు సంబంధించినదో తెలియుట యెట్లు? పూర్వము బ్యాంకులలో చెక్కు పుచ్చుకొని ఇత్తడి బిళ్ళ నిచ్చెడివారు. ఆ అంకెను పిలిచినప్పుడు సొమ్ము ముట్టెడిది. ఇచ్చటను ప్రతి ఆజ్ఞకు ట్యాగు అను అంకె కట్టుదురు. మొదటివాని సొమ్ము ముట్టకముందే అదే బిళ్ళను రెండవవాని కిచ్చినచో ఏమగును? ఒకరి పైకము వేరొకరికి పోవును. ట్యాగు విషయమున అట్టి పొరపాటు జరిగినచో నెరవేరని ఆజ్ఞ నెరవేరినట్లు తోచును. ఒక దస్తావేజు లోపలి మాటలు వేరొక దానిలో చేరవచ్చును. జవాబు రానే రానిచో ఎంతసేపు వేచియుండవలెను, ఎప్పుడు మరల పంపవలెను అనునది మరియొక చిక్కు.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమునందు చిరకాలము పలు డ్రైవర్లు ఈ పద్దులను తమకు తోచినట్లు తామే వ్రాసుకొనెడివి. ఒక్కొక్క పరికరమునకు ఒకే వరుస, దానికి ఒకే తాళము. తిరుగు పళ్ళెము లేని ఎస్.ఎస్.డి.లు వచ్చి, సెకనునకు లక్షలాది ఆజ్ఞలు తీర్చసాగినప్పుడు ఆ తాళమే అడ్డంకి ఆయెను. 2011లో వెలువడిన ఎన్.వి.ఎమ్.ఇ. ప్రమాణము వేలకొలది వరుసలకు చోటు కల్పించెను. 2013లో మథియాస్ బ్యోర్లింగ్, యెన్స్ ఆక్స్‌బో మున్నగువారు బహుళ వరుసల పద్ధతిని ఒక పరిశోధన పత్రమున వివరించిరి. 2014 జనవరిలో విడుదలైన లినక్స్ 3.13లో అది చోటు చేసికొనెను.

ఈ పద్ధతిలో ఒక్కొక్క ప్రాసెసరునకు తన వరుస తనకు కలదు. ట్యాగుల పంపిణీ, గడువుల లెక్క అన్ని డ్రైవర్లకు ఉమ్మడిగా ఒకే చోట జరుగును. డ్రైవరు మొదట తన పరికరము ఎన్ని ఆజ్ఞలను పట్టగలదో చెప్పవలెను. ఆపై ప్రతి ఆజ్ఞను పరికరమునకు తెలియు భాషలోనికి మార్చి పంపుట, ఫలానా అంకె ముగిసినదని తెలుపుట దాని ముఖ్యకార్యములు. ఒక్కచోట దిద్దిన తప్పు అందరికిని దిద్దినట్లగును. ఐనను పాత డ్రైవర్లను ఒక్కొక్కటిగా మార్చుటకు ఏండ్లు పట్టెను. 2019లో వచ్చిన లినక్స్ 5.0తో గాని పాత మార్గము తొలగలేదు. అంతవరకు రెండు మార్గములను పోషింపవలసివచ్చెను. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనులకును లినక్సే పునాది గనుక ఇది పరాయి ముచ్చట కాదు.

సులభము చేయుట యనగా జాగ్రత్తలను విడుచుట కాదు. పరికరములు తమలోని తాత్కాలిక మెమొరీలో వ్రాత చేరగానే ‘అయినది’ అని చెప్పుట కలదు. అప్పుడు కరెంటు పోయినచో ఆ వ్రాత పోవచ్చును. అందుకొరకే, ఉన్నదంతయు స్థిరస్థానమునకు చేర్చుమను ప్రత్యేకమైన ఆజ్ఞ ఒకటి యున్నది. బ్యాంకు ఖాతాలను నడుపు ప్రోగ్రాములు దానినే నమ్ముకొనియుండును. వరుస ఎంత సరళమైనను ఈ ఆజ్ఞకు ముందు రావలసినది వెనుకకు పోరాదు.

ఇంటిలో మనము పాటింపవలసినదియు ఇదియే. పెన్ డ్రైవును ఊడదీయుటకు ముందు ‘సురక్షితముగా తొలగింపుము’ అను మీట నొక్కవలెను. అది వట్టి మర్యాద కాదు. మిగిలిన ఆజ్ఞలన్నిటిని తీర్చి సెలవిమ్మని డ్రైవరును అడుగుట. ఆ కొద్ది క్షణముల ఓర్పు ఒక పెండ్లి ఫోటోల మూటను కాపాడవచ్చును.