ఆవిరి బరువెంత?

2011 జనవరిలో ఇటలీలోని బొలోన్యా నగరంలో ఆంద్రియా రోస్సీ అనే ఆవిష్కర్త, భౌతికశాస్త్రాచార్యుడు సెర్జియో ఫోకార్డీతో కలిసి ‘ఇ-క్యాట్’ అనే పరికరాన్ని ప్రదర్శించాడు. నికెల్ పొడిని ఉదజని వాయువులో వేడిచేస్తే పరమాణు కేంద్రకాలలో మార్పు జరిగి, వాడిన విద్యుత్తుకు అనేక రెట్ల ఉష్ణం వెలువడుతుందని వారి వాదన. అదే నిజమైతే బొగ్గుతో, చమురుతో లోకానికి పని తీరినట్లే.

ఆ మార్చిలో మరింత చిన్న నమూనాను ఇద్దరు స్వీడన్ ఆచార్యులు పరిశీలించారు. గంటకు 6.47 కిలోల నీరు 18 డిగ్రీల వద్ద లోపలికి పోయి ఆవిరిగా వెలువడింది. ఖర్చయిన విద్యుత్తు సుమారు 300 వాట్లు. వచ్చిన ఉష్ణం 4,700 వాట్లని లెక్క తేలింది. ఈ లెక్కకు ప్రాణం ఒక్క మాటలో ఉంది: నీరంతా ఆవిరి అయిందా? ఆ నీటిని 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 620 వాట్లు చాలు. తక్కినదంతా గుప్తోష్ణం. ఇడ్లీపాత్ర మూత తీసినపుడు కనిపించే తెల్లని పొగ నిజానికి ఆవిరి కాదు, నీటి తుంపరలే. అసలు ఆవిరి కంటికి కనిపించదు. ఆవిరి నీటికన్నా సుమారు 1,700 రెట్లు ఎక్కువ చోటును ఆక్రమిస్తుంది. కనుక గొట్టంలో పరిమాణంలో నూటికి ఒక వంతు తుంపరలున్నా, బరువులో పదింట తొమ్మిది వంతులకు పైగా నీరే! గాలిలో తేమను కొలిచే సాధనం ఈ తుంపరల బరువును చెప్పజాలదు. నీరు ఏమాత్రం ఆవిరి కాలేదనుకుంటే, 4,400 వాట్ల మిగులు 300కు కుదించుకుపోతుంది. అంత చిన్న తేడాను నమ్మాలంటే నీటి ప్రవాహాన్నీ, విద్యుత్తునూ మరింత కచ్చితంగా కొలవాలి.

ఆవిరిని చల్లార్చి, చల్లని నీటిలో కలిపి, ఆ నీరు ఎంత వేడెక్కిందో చూస్తే సందేహం తీరేది. కాని పరికరం రూపమే మారిపోయింది. 2011 అక్టోబరులో సరుకుల పెట్టెంత యంత్రం వచ్చింది; మెగావాటు అన్నది దాదాపు సగానికి తగ్గింది. 2014లో లుగానోలో 32 రోజులు పరీక్షించినది 20 సెంటీమీటర్ల పింగాణీ గొట్టం. అక్కడ నీరే లేదు. పరారుణ కెమెరాతో ఉష్ణోగ్రత చూసి, మూడు రెట్లకు పైగా శక్తి వచ్చిందన్నారు. అల్యూమినా ఎంత ఉష్ణాన్ని వికిరణం చేస్తుందన్న అంకె తప్పితే ఆ మూడూ మిగలవని విమర్శకులు చూపారు. బూడిదలోని నికెల్ దాదాపు అంతా 62వ ఐసోటోపుగా మారిందన్నది రసాయనికులను నిజంగా ఆశ్చర్యపరచిన ఫలితం. అయితే పొడిని నింపడంలోనూ, తీయడంలోనూ రోస్సీ చేయి ఉందని ఆ నివేదికే చెబుతోంది!

ఫ్లోరిడాలో ఏడాదిపాటు నడిపిన మెగావాటు యంత్రం 2016లో న్యాయస్థానానికి ఎక్కింది; 2017లో రాజీ కుదిరింది. అదే ఏడు నవంబరులో స్టాక్‌హోంలో సుమారు 20 వాట్ల బుల్లి పరికరం కనిపించింది. 2019లో మళ్ళీ 22 కిలోవాట్లన్నారు. పెద్ద యంత్రానికి పంపులు, గొట్టాలు, సాకులు ఎక్కువ. 20 వాట్ల పరికరాన్ని మూతపెట్టిన కెలోరీమీటరులో ఉంచడం విద్యార్థికైనా సాధ్యమే. ఆవిష్కర్త చేయి పడకుండా ఏ ప్రయోగశాలా ఆ మిగులు ఉష్ణాన్ని ఇంతవరకు నిర్ధారించలేదు.