హోంలో వేస్తే బిడ్డ మనకు కాకుండా పోతుందా?

భర్త పోయి ఇద్దరు పిల్లలతో మిగిలిన కూలి తల్లికి ఇరుగుపొరుగు మొదట చెప్పే మాట ఒకటే: "ఏదైనా హోంలో వేసెయ్యమ్మా, వేళకింత అన్నమైనా తింటారు." మంచి మనసుతో చెప్పేదే. చట్టం మాత్రం అలా చెప్పదు.

అపోహ: పేదింటి పిల్లలకు హోమే దిక్కు.

వాస్తవం: హోం ఆఖరి మార్గమని 2015 నాటి బాలల న్యాయ చట్టమే అంటోంది. బిడ్డ అమ్మ దగ్గరో, అమ్మమ్మ దగ్గరో ఉండి చదువుకోవడానికే మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. భర్త చనిపోయిన, విడాకులైన, భర్త వదిలేసిన తల్లుల పిల్లలు, కన్నవాళ్లిద్దరూ లేక బంధువుల ఇంట పెరుగుతున్నవాళ్లు, అమ్మో నాన్నో ప్రాణాంతక జబ్బుతో ఉన్నవాళ్లు దీనికి అర్హులు. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72,000, మిగతాచోట్ల 96,000 రూపాయలు దాటకూడదు. అయితే, తండ్రి పోయిన ప్రతి బిడ్డకీ డబ్బు దానంతటదే పడుతుందనుకోవద్దు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి. విచారణ జరగాలి, జిల్లా కమిటీ ఒప్పుకోవాలి. దారి తెలియకపోతే మీ అంగన్‌వాడీ టీచర్‌ని అడగండి. "నేను ఇప్పిస్తా" అనే బ్రోకర్ చేతిలో రూపాయి పెట్టకండి.

అపోహ: బాలల సంక్షేమ కమిటీ గడప తొక్కితే బిడ్డను లాక్కుని దత్తతకిచ్చేస్తారు.

వాస్తవం: ఈ భయంతోనే చాలామంది సాయం అడగరు. అధ్యక్షులు, మరో నలుగురు సభ్యులు ఉండే ఆ కమిటీ మొదట చూసేది బిడ్డను తిరిగి ఇంటికి చేర్చే దారి ఉందా అనే. హోంలో ఉన్నంత మాత్రాన ఏ బిడ్డా దత్తతకు పోదు. కన్నవాళ్లే పెంచలేమని రాసిచ్చినా, మనసు మార్చుకోవడానికి 60 రోజుల గడువుంది. దొరికిన పసిబిడ్డ విషయంలోనూ ముందు కన్నవాళ్ల కోసం వెతకాల్సిందే.

అపోహ: పెంచలేని బిడ్డను పిల్లల్లేనివాళ్లకు ఇచ్చేస్తే పుణ్యం, వాళ్లు ఆస్పత్రి ఖర్చులకిచ్చేది సాయమే.

వాస్తవం: బిడ్డకు బదులు డబ్బు తీసుకుంటే దాన్ని చట్టం అమ్మకం అంటుంది. అయిదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా.

అపోహ: 18 నిండగానే హోం వాళ్లు సంచి చేతికిచ్చి పంపేస్తారు.

వాస్తవం: 21 ఏళ్ల దాకా, ప్రత్యేక పరిస్థితుల్లో 23 దాకా ఆసరా ఇవ్వొచ్చని నిబంధనల్లో ఉంది. చిక్కేమిటంటే, అడగొచ్చని ఆ పిల్లలకే తెలియదు. మీకు తెలిసినవాళ్లుంటే ఈ ఒక్క ముక్క చెప్పండి.

ఇక, రోడ్డు మీద ఒంటరి బిడ్డ కనిపిస్తే జాలిపడి ఇంటికి తీసుకెళ్లి ఉంచేసుకోకండి. 24 గంటల్లోగా సమాచారం ఇవ్వకపోతే అదే నేరమవుతుంది. ఫోన్ చేయాల్సిన నంబరు 1098.