గాజు తొట్టిలో ఎరుగని ఎండ్రకాయ

తుంగభద్ర ఎడమ కాలువ నీరు పారు సింధనూరు, మాన్వి ప్రాంతముల బాలబాలికలకు ఎండ్రకాయను పరిచయము చేయనక్కరలేదు. వరిమడి గట్టునకు బొరియ చేసి, రాత్రికి రాత్రే నీటిని క్రింది మడికి దాటించు దొంగ యని పెద్దలు దానిని తిట్టుచుండగా వినియే యుందురు. కన్నడ సోదరులు దీనిని ‘ఏడి’ యందురు. కోస్తా నుండి వచ్చి క్యాంపులలో స్థిరపడిన మనవారు ‘పీత’ యని కూడ అందురు. పేరేదైనను, కనబడినంతనే కఱ్ఱ యెత్తుట అందరికిని అలవాటు.

ఆ అలవాటు వలననే నేనొక తప్పు చేసితిని. కొన్నేండ్ల క్రిందట మా పాఠశాలలో గాజు తొట్టి నుంచి, కాలువ రాళ్లు వేసి, చిన్న చేపలను పెంచితిమి. ఒకనాడు రాతి సందు నుండి ఎండ్రకాయ యొకటి వెలువడెను. మరునాడు దాని ముందుకాళ్ల పట్కారులో చేప తునక కనబడెను. ఇదియే హంతకి యని విద్యార్థులు తీర్మానించిరి, నేనును సరే యంటిని, చంపివేసిరి. తరువాతి వారము కూడ చేపలు చచ్చుచునే యుండెను. నీరు మార్చకపోవుటయే అసలు కారణము! చచ్చిన చేపను తిని తొట్టిని శుభ్రపరచుచున్న జీవిని మేము శిక్షించితిమి.

ఈ సంగతి మరల జ్ఞప్తికి వచ్చుటకు కారణము కలదు. మా పూర్వ విద్యార్థి యొకడు బెంగుళూరులో ఉద్యోగము చేయుచు, ఇంట సముద్రజలముతో తొట్టి నమర్చి పగడపు జీవులను పెంచుచున్నాడు. “మాస్టారూ, రాతిలో నుండి పేరు తెలియని ఎండ్రకాయ వచ్చినది, చంపవలెనా?” అని అడిగెను.

అట్టి తొట్లలో సన్నని రంధ్రములు గల సున్నపురాళ్లను ఉంచుదురు. ఆ రంధ్రములలోని సూక్ష్మజీవులు చేపల మలినమును హరించి నీటిని కాపాడును. వానితో పాటు పురుగులు, నత్తలు, ఆవగింజంత ఎండ్రకాయలు కూడ దాగి వచ్చును. తిండి దొరకగా పెరిగి బయటపడును.

మొదట చూడవలసినది దాని పట్కారులు. చివరలు చెంచా వలె గుంటగా నున్నచో అది సాధారణముగా నాచును గోకి తినునది. ఒడలెల్ల వెండ్రుకలు, నల్లని మొనలు గల బలిసిన పట్కారులు ఉన్నచో మాంసాహారి యని అనుమానింపవచ్చును. అయినను రూపమొక్కటియే సాక్ష్యము కాదు. ట్రపీజియా అను చిన్న ఎండ్రకాయ పొదల వంటి పగడముల కొమ్మల నడుమ నివసించును. పగడములను తిను ముండ్ల నక్షత్రచేప వచ్చినచో దాని పాదములను గిల్లి తరుమును. కొమ్మలపై పడిన మట్టిని తొలగించును. దానిని చంపుట కావలివానిని చంపుటయే.

రాత్రివేళ ఎఱ్ఱని దీపము వెలుగున చూచినచో దాని నడవడి తెలియును. పట్టుటకు సులభోపాయ మున్నది. గాజు గ్లాసులో రొయ్య ముక్క వేసి రాతికి ఏటవాలుగా ఆనించి యుంచవలెను. లోనికి జారిన ఎండ్రకాయ నున్నని గాజుపై ఎక్కిరాలేదు. దానిని అదే నీరు గల వేరొక పాత్రలో ఉంచి, ఏమి తినునో కొన్ని దినములు పరీక్షింపవలెను. ఒకనాడు పాత్రలో కదలని ఎండ్రకాయ కనబడినచో చచ్చినదని తొందరపడరాదు. అది విడిచిన పెంకు కావచ్చును. పెరుగుటకై పాత పెంకును విడుచుట దాని ధర్మము. ఈ పెంకు విడుచుటను అదుపుచేయు రసము దాని కంటికాడలలో కలదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మన మడిగట్ల ఎండ్రకాయ పైననే ఇట్టి పరిశోధనలు చేసియున్నారు.

తొట్టిలో పురుగుల మందు వేయుట మహాప్రమాదము. ఎండ్రకాయయు రొయ్యయు కీటకములకు దాయాదులు. ఒకదానికై వేసిన విషము అన్నిటిని చంపును. పట్టిన దానిని పులుసు పెట్టుదమని కూడ తలంపరాదు. పగడపు దిబ్బల ఎండ్రకాయలు కొన్నిటి విషము ఉడికించినను పోదు. కాలువలో విడుచుటయు తగదు. ఉప్పునీటి ప్రాణి మంచినీట చచ్చును.

ఆ రాయి ఎక్కడిదని కూడ నేను మా విద్యార్థిని అడిగితిని. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలో దిబ్బలు కట్టు పగడములను 2001లో చేర్చిరి. మన్నారు సింధుశాఖ నుండి గాని, లక్షద్వీపముల నుండి గాని వానిని పెకలించి తెచ్చుట నేరము. తన రాయి కార్ఖానాలో చేసినదనియు, దానిని మరియొకరి తొట్టిలో నానవేసి తెచ్చితిననియు అతడు చెప్పెను. ఎండ్రకాయ అచటనే చేరియుండును.

వారము తరువాత అతడు చిత్రమును పంపెను. పట్కారుల చివరలు చెంచాల వలె నున్నవి. నాచు వేయగా తినెనట, రొయ్య ముక్కను ముట్టలేదట. తిరిగి తొట్టిలో విడిచెను. పెరిగిన పిమ్మట ఆకలి వలన బుద్ధి మారవచ్చును గనుక, గ్లాసును దగ్గరనే ఉంచుకొమ్మని వ్రాసితిని.