మా పొయ్యి మీద గ్యాసు... ఆమె తట్టలో చేపలు

కాకినాడలో మా ఇంటికి పైపు గ్యాసు వచ్చిన వారం అది. ఇరవై ఏళ్లుగా మాకు చేపలు తెచ్చే ఆమె వరండాలో తట్ట దించి, మంచినీళ్ల కోసం వంటింటి గుమ్మం దాకా వచ్చింది.

"బండ కనపడదేంటమ్మగారూ?"

పైపు సంగతి చెప్పాను. కాసేపు మంట కేసి చూసి, "ఇది మా సముద్రంలోదేనా?" అంది.

ఏం చెప్పాలో తోచలేదు. బండలోది వేరు, పైపులోది వేరు. బండలో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్. పైపులో వచ్చేది మీథేన్, అంటే సహజవాయువు. ఎక్కడెక్కడి గ్యాసో పెద్ద పైపుల్లో కలిసిపోతుంది కాబట్టి మా పొయ్యి మీదిది ఫలానా బావిలోదని చెప్పలేం. కానీ ఆమె అడిగింది తప్పేమీ కాదు. మన తీరానికి ఎదురుగా లోతు సముద్రంలో 2002లో పెద్ద గ్యాసు నిక్షేపం బయటపడింది. 2009 ఏప్రిల్‌లో అది సముద్రం అడుగున వేసిన పైపుల్లో గాడిమొగ దగ్గర ఒడ్డుకు చేరడం మొదలైంది. ఆ పక్కనే మరో లోతు బావిలో 2024 జనవరిలో చమురు మొదలైంది.

గ్యాసు వద్దని నేననను. కట్టెల పొయ్యి ఊది ఊది కళ్లు పోగొట్టుకున్న అమ్మమ్మను చూసినదాన్ని. బొగ్గు కన్నా ఇది శుభ్రం, నిజమే. కాలకుండా గాల్లోకి జారిపోతే మాత్రం మీథేన్ మహా చెడ్డది. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే బొగ్గుపులుసు వాయువు కన్నా ఎనభై రెట్లకు పైగా వేడి పెంచుతుంది.

ఆమె గోడు వేరే. "సర్వే ఓడ వచ్చిందంటే పడవలు దూరంగా పొమ్మంటారండి. వలలు తీసెయ్యమంటారు. అదెళ్లిపోయాక వేస్తే చేపుండదు."

ఆ ఓడలు గాలి తుపాకులతో నీళ్లలోకి ఢాం ఢామని మోతలు పంపి, అడుగున రాతి పొరల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి గ్యాసు జాడ తీస్తాయి. మోతకు చేప బెదురుతుందంటే కబుర్లని కొట్టిపారేసేవాళ్లున్నారు. నార్వే శాస్త్రవేత్తలు 1996లో ప్రచురించిన పరిశీలనలో, సర్వే జరిగిన చోట కాడ్, హాడక్ చేపల పట్టుబడి సగానికి పడిపోయింది. మోత ఆగిన అయిదు రోజులకు కూడా మామూలు స్థితికి రాలేదు. చేపను బట్టి లెక్క మారొచ్చు గానీ, ఆమె చెప్పేది కబుర్లు మాత్రం కాదు.

తవ్వడం మొదలయ్యాక మరో బాధ. బోరు వేసేటప్పుడు వాడే మందు కలిపిన బురద, రాతి పొడి అడుగున పేరుకుంటాయి. గ్యాసుతో పాటు పైకొచ్చే నీటిని శుద్ధి చేయకుండా వదిలితే అందులోని నూనె, లోహాలు సముద్రంలో కలుస్తాయి. ఇక్కడ కోరింగ మడ అడవులున్నాయి. రొయ్యపిల్లలు, చేపపిల్లలు పెరిగేది వాటి వేళ్ల నీడలోనే. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికొచ్చే ఇసుక తీరమూ ఇదే. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్ల వెలుగు కనబడే వైపు నడుస్తుంది. ఒడ్డున పెద్ద దీపాలుంటే సముద్రం వదిలేసి అటే పోతుంది.

ప్రమాదాల మాట మనకు కొత్త కాదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్‌లో నగరంలో పైపు పేలి ఇరవై మందికి పైగా పోయారు. అవి నేల మీద జరిగినవి, చూడగలిగాం. నడి సముద్రంలో ఏం కారినా ముందు తెలిసేది వలకే.

నష్టపరిహారం ఇచ్చారు కదా అన్నాను. నవ్వింది.

"పడవున్నోళ్లకి, వేటకెళ్లినోళ్లకి రాశారండి. తట్ట మోసేదాన్ని, నా పేరెవరు రాస్తారు?"

పట్టేది మగవాళ్లయినా రేవులో పాట పాడి కొనేది, ఉప్పేసి ఎండబెట్టేది, వీధి వీధి తిరిగి అమ్మేది ఆడవాళ్లు. చేప రాని రోజున వాళ్లకూ కూలి లేదు. ఆ లెక్క ఏ కాగితం మీదా లేదు.

కొన్నేళ్ల కిందట ఇలాంటి ఒక ప్రాజెక్టు మీద ప్రజాభిప్రాయ సేకరణ సభకు వెళ్లాను. ఉదయం పూట పెట్టారు. సరిగ్గా రేవులో పాట జరిగే వేళ! ఆడవాళ్లు చేతులు కడుక్కుని వచ్చేసరికి షామియానా విప్పుతున్నారు. ఇప్పుడు ఆ సభ కూడా తగ్గింది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ నిబంధనలు మార్చి, చమురు, గ్యాసు కోసం చేసే అన్వేషణ తవ్వకాలకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదంది. ఉత్పత్తి మొదలుపెట్టే ముందు మాత్రం జరపాలి. నెల రోజుల ముందు తెలుగు పేపర్లో ప్రకటన ఇవ్వాలి.

ఆ మాటే ఆమెకు చెప్పాను.

"నాకు చదువు రాదు కదండీ. మీరు పేపర్లో చూసి చెబుతారా? ఎంతమందిమి కావాలంటే అంతమందిమొస్తాం. పొద్దున్నే మాత్రం పెట్టొద్దని చెప్పండి, పాటుంటది."

కానాగడతలు శుభ్రం చేసిచ్చి తట్ట ఎత్తుకుంది. ఆ రోజు నుంచి టెండర్ల పక్కన చిన్న అక్షరాల్లో పడే ప్రకటనలు కూడా వదలకుండా చదువుతున్నాను. ఇంకా ఏదీ కనబడలేదు.