స్టిక్ కదిలితే సరిపోదు: సొంత విమానం కట్టేవారి అపోహలు, వాస్తవాలు

అమెరికాలో కిట్ కొనుక్కుని ఇంటి గ్యారేజీలోనే చిన్న విమానం కట్టుకునేవారు చాలామందే ఉన్నారు. పనిలో సగానికి పైగా ఔత్సాహికులు సొంతంగా చేసుంటే, అక్కడి విమానయాన సంస్థ ఎఫ్ఏఏ దాన్ని ప్రయోగాత్మక తరగతిలో నమోదు చేస్తుంది. అలాంటి విమానంలో అన్నిటికన్నా ఓపిగ్గా చేయాల్సిన పని కంట్రోళ్ల బిగింపు. అపోహలూ అక్కడే ఎక్కువ.

అపోహ: పైలట్ పట్టుకునే స్టిక్ సాఫీగా కదిలితే బిగింపు సరిగ్గా ఉన్నట్టే.

వాస్తవం: రెక్కల వెనక అంచున ఉండే ఎయిలరాన్ పలకలు ఎటు కదులుతున్నాయన్నది అంతకంటే ముఖ్యం. స్టిక్‌ను పలకలకు కలిపే కేబుళ్లు తారుమారుగా తగిలించినా స్టిక్ హాయిగానే కదులుతుంది. కుడికి వంచితే కుడి రెక్క ఎయిలరాన్ పైకి లేవాలి, ఎడమది కిందికి దిగాలి. బొటనవేలు నిలబెట్టి స్టిక్ పట్టుకుని పక్కకు వంచండి. ఆ వేలు పైకి లేచిన ఎయిలరాన్ వైపు చూపాలి. ఈ పరీక్ష మరొకరితో కూడా చేయించాలి. కట్టినవారి కళ్లకు తాము అనుకున్నదే కనిపిస్తుంది.

అపోహ: కేబుల్ ఎంత బిగిస్తే అంత భద్రం.

వాస్తవం: మరీ బిగిస్తే రాపిడి పెరుగుతుంది, పుల్లీలు అరుగుతాయి, స్టిక్ బరువెక్కుతుంది. పైగా వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. అల్యూమినియం విమానంలో ఉక్కు కేబుల్ ఎండకు బిగుసుకుంటుంది, చలికి వదులవుతుంది. అందుకే టెన్షన్ మీటర్‌తో కొలిచి, ఆనాటి ఉష్ణోగ్రతకు డిజైనర్ ఇచ్చిన అంకెకు సరిచేయాలి. ఆ తర్వాత కేబుల్ బిగువు సరిచేసే టర్న్‌బకిల్‌కు ఏ వైపూ మూడు మరచుట్లకు మించి బయట కనిపించకుండా చూసి, సేఫ్టీ వైరు చుట్టాలి.

అపోహ: రంగు అందం కోసమే.

వాస్తవం: ఎయిలరాన్, ఎలివేటర్ పలకల వెనక అంచున రంగు బరువు చేరితే తూకం మారుతుంది. మళ్లీ తూచి సరిచేయకపోతే వేగం పెరిగినప్పుడు పలక వణకడం మొదలై క్షణాల్లో విరిగిపోవచ్చు.

అపోహ: విమానం నాది, హ్యాండిళ్లు నాకు నచ్చినచోట పెట్టుకుంటాను.

వాస్తవం: 1997 అక్టోబరు 12న గాయకుడు జాన్ డెన్వర్ కాలిఫోర్నియాలోని మాంటెరే తీరంలో విమానం కూలి మరణించారు. అది బర్ట్ రూటన్ డిజైన్ చేసిన లాంగ్-ఈజీ. వేరొకరు కట్టినది ఆయన కొనుక్కున్నారు. ఇంధన ట్యాంకు మార్చే హ్యాండిల్ డిజైన్ ప్రకారం పైలట్ ముందు, కాళ్ల మధ్య ఉండాలి. కట్టినవారు దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక బిగించారు. దానిమీద గుర్తులు కూడా లేవు. దాన్ని అందుకోవాలంటే ఒళ్లంతా వెనక్కి తిప్పాలి. ఆ ప్రయత్నంలో కుడి రడ్డర్ పెడల్ అనుకోకుండా నొక్కుకుపోయి విమానం అదుపు తప్పిందని దర్యాప్తు తేల్చింది. బయల్దేరే ముందు ఇంధనం నింపుకోకపోవడాన్నీ తప్పుపట్టింది. హ్యాండిల్ ఉన్న చోటును దోహదం చేసిన కారణాల్లో చేర్చింది.

విమానం కడుతున్నవారికి నా విన్నపం ఒక్కటే. రంగు వేయకముందే సీట్లో కూర్చుని, భుజాల బెల్టులు కూడా బిగించుకుని, కళ్లు మూసుకుని ప్రతి హ్యాండిల్‌నూ అందుకుని చూడండి. ఏ ఒక్కదాని కోసమైనా నడుం తిప్పాల్సి వస్తే దాన్ని విప్పి చోటు మార్చండి.